పద్నాలుగు రోజులకోసారి జరగాల్సిన ఇల్లు

కొన్నేళ్ళ క్రితం ఆన్‌సైట్ పని మీద ఇంగ్లండులో రెడింగ్ అనే ఊళ్ళో ఉన్నాను. మా క్లయింటు వైపు టీములో ఒక డేటాబేస్ మనిషి ఉండేవాడు. వయసు యాభై దాటింది. మాట తక్కువ, పని మాత్రం శుభ్రంగా ఉండేది. రెండు వారాలకోసారి శుక్రవారం మధ్యాహ్నం మూడింటికల్లా బ్యాగు సర్దేసేవాడు. "ఏంటి, ఊరెళ్తున్నావా?" అనడిగితే "లేదు, ఇల్లు జరపాలి" అనేవాడు. మొదటిసారి ఇల్లు మారుతున్నాడేమో అనుకున్నా. రెండు వారాల తర్వాత మళ్ళీ అదే మాట. మూడోసారికి ఇంక ఉండబట్టలేక, అసలు సంగతేంటని అడిగేశా.

ఆయన ఉండేది పడవలోనట. రెడింగ్ నుంచి బ్రిస్టల్ దాకా 87 మైళ్ళు సాగే కెన్నెట్ అండ్ ఏవన్ కాలవ ఉంది. రెడింగ్ నుంచి న్యూబరీ దాకా దాని పక్కనే రైలు పట్టాలు కూడా వెళ్తాయి. ఈయన తన పడవని ఒక స్టేషను దగ్గర కట్టేసి, రైల్లో ఆఫీసుకొచ్చి, పద్నాలుగు రోజులు కాగానే పడవ విప్పి ముందుకెళ్ళి ఇంకో చోట కట్టుకుంటాడు. అద్దె లేదు, పక్కింటివాడి గొడవ లేదు. వినడానికి భలే ఉంది కదా! నాకూ అలాగే అనిపించింది. మాది గోదావరి జిల్లా. లాకుల దగ్గర నీళ్ళు నింపి పడవని పైకెత్తడం చిన్నప్పుడు మా తాతయ్య కథలు కథలుగా చెప్పేవాడు. అందుకని ఒక శనివారం చూద్దామని వెళ్ళా.

ఆల్డర్‌మాస్టన్ స్టేషనులో దిగి గట్టు వెంబడి నడుస్తుంటే ఆయనే ఎదురొచ్చాడు. చక్రాల బండి మీద ఒక బూడిదరంగు ప్లాస్టిక్ పెట్టె పెట్టి తోసుకుంటూ వస్తున్నాడు. మర్యాదకి "నేను పడతా" అని చెయ్యి వేయబోయా. "వద్దు వద్దు, అది ఎల్సాన్‌కి" అన్నాడు. ఎల్సాన్ అంటే ఏంటో అప్పుడే తెలిసింది. 1924లో మొదలైన ఒక కంపెనీ పేరది. రసాయనం పోసి వాడుకునే మరుగుదొడ్లు తయారు చేసేది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్ విమానాల్లో కూడా అవే పెట్టారు. మనం ఫొటోకాపీని జెరాక్స్ అన్నట్టు, కాలవల మీద టాయిలెట్ డబ్బా పారబోసే చోటుని జనం ఎల్సాన్ అంటారు. పడవలో వంటగది నీళ్ళు, స్నానం నీళ్ళు తిన్నగా కాలవలోకే పోతాయి, ఎవరూ ఏమీ అనరు. మరుగుదొడ్డిది మాత్రం పోయకూడదు. దాన్ని డబ్బాలోనో ట్యాంకులోనో దాచుకుని, పారబోసే చోటు దాకా మోసుకెళ్ళాలి.

ఆ రోజు టీ తాగుతూ ఆయన చెప్పిన ఒక మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. "పడవ వాళ్ళని ఈ దేశం ఎప్పుడూ రెండే ప్రశ్నలు అడుగుతుంది. మీ అడ్రసేంటి? మీ చెత్త ఎక్కడ పోస్తున్నారు?"

మొదటి ప్రశ్న నాకు బాగానే అర్థమైంది. ఆన్‌సైట్ వెళ్ళిన మనవాళ్ళందరికీ అనుభవమే. బ్యాంకు వాడు అడ్రసు ప్రూఫ్ లేనిదే ఖాతా తెరవనంటాడు. ఇల్లు అద్దెకిచ్చేవాడు బ్యాంకు ఖాతా లేనిదే ఇల్లివ్వనంటాడు. పక్కా డెడ్‌లాక్. నాకు మూడు వారాల్లో తీరింది. ఆయన అందులోనే జీవితం గడుపుతున్నాడన్నమాట. రెండో ప్రశ్న వెనక ఉన్న చరిత్ర మాత్రం తర్వాత చదువుకుంటే గానీ తెలియలేదు. ఈ టపా దాని గురించే.

ఇంగ్లండులో కాలవల హోరు 1760ల్లో మొదలైంది. బ్రిడ్జ్‌వాటర్ డ్యూక్ అనే జమీందారు తన వర్‌స్లీ బొగ్గు గనుల నుంచి మాంచెస్టరు వైపు కాలవ తవ్వించాడు. ఇంజనీరు జేమ్స్ బ్రిండ్లీ. 1761లో దాని మీద పడవలు నడిచాయి. మాంచెస్టరులో బొగ్గు ధర సగానికి పడిపోయింది. ఇంకేముంది, డబ్బున్నవాళ్ళంతా కాలవల మీద పడ్డారు. ఆ తర్వాత మధ్య ఇంగ్లండులో తవ్విన కాలవలకి బ్రిండ్లీ లాకుల వెడల్పు సుమారు ఏడడుగులు పెట్టాడు. నీళ్ళు, ఖర్చు కలిసొస్తాయని. లాకు ఏడడుగులైతే పడవ కూడా ఏడడుగుల లోపే ఉండాలి. పొడవు డెబ్భై అడుగులు. ఒకసారి ప్రొడక్షన్‌లోకి వెళ్ళిన డిజైన్‌ని మార్చడం ఎంత కష్టమో మనకి తెలియంది కాదు. ఆ ఏడడుగులే రెండు వందల ఏళ్ళ పాటు కొన్ని వేల కుటుంబాలకి ఇంటి గోడల మధ్య దూరం అయ్యింది.

మొదట్లో పడవ నడిపేవాళ్ళకి ఒడ్డున ఇళ్ళుండేవి. మగవాళ్ళు పడవ మీద వెళ్ళి వస్తుండేవాళ్ళు. 1830ల నుంచి రైళ్ళు పోటీకొచ్చాయి. కాలవ కిరాయిలు పడిపోయాయి. కూలికి మనిషిని పెట్టుకునే తాహతు పోయింది, ఒడ్డున ఇంటికి అద్దె కట్టే తాహతూ పోయింది. భార్యాపిల్లల్నే పడవెక్కించారు. డెబ్భై అడుగుల పడవలో అరవై అడుగులు సరుక్కే. వెనకాల మిగిలిన పది అడుగుల గదిలోనే పొయ్యి, పడక, కానుపు, అన్నీనూ. పిల్లలు గుర్రాన్ని తోలేవాళ్ళు, లాకు తలుపులు తోసేవాళ్ళు. జీతం లేని పనివాళ్ళు.

ఆ పడవల్లో వెళ్ళే సరుకేంటి? బొగ్గు, ఇటుకలు, ధాన్యం అని పుస్తకాల్లో ఉంటుంది. ఇంకోటి కూడా ఉంది. ఊరి చెత్త. పశ్చిమ మిడిల్‌సెక్స్ బట్టీల నుంచి లండను ప్యాడింగ్టన్ రేవుకి ఇటుకలు తెచ్చిన పడవలు తిరుగు ప్రయాణంలో లండను ఇళ్ళ బూడిద, గుర్రాల పేడ ఎత్తుకెళ్ళేవి. బూడిద మళ్ళీ ఇటుక బట్టీలకి, పేడ పొలాలకి. మాంచెస్టరు నగరపాలక సంస్థ అయితే 1886లో కారింగ్టన్ మాస్ అనే చిత్తడినేలనే కొనేసి, నగరంలో మరుగుదొడ్ల మలాన్ని, చెత్తని అక్కడికి తరలించి ఎరువుగా వాడింది. భూగర్భ మురుగు కాలవలు ఇంటింటికీ రాని రోజులవి. నగరం శుభ్రంగా ఉందంటే, దాని మురికిని ఎవరో ఏడడుగుల పడవలో పెట్టుకుని, దాని పక్కనే వండుకుని తిని, పడుకుని మోస్తున్నారన్నమాట.

ఆ నగరాలే పడవ వాళ్ళని మురికి మనుషులన్నాయి. ఇది మనకి కొత్త కాదు కదండీ. మన ఊళ్ళలో పాకీపని చేసేవాళ్ళని అంటరానివాళ్ళన్నది, ఆ మురికి ఎవరిదో వాళ్ళే. మన దగ్గర 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం చేసుకోవాల్సి వచ్చింది. రెండు కథల్లో కులం లాంటి తేడాలు చాలా ఉన్నాయి, రెండూ ఒకటేనని అనను. కానీ మోసేవాడి మీదే మురికి అనే ముద్ర వెయ్యడం మాత్రం రెండు చోట్లా ఒకటే.

ఇప్పుడు కథలోకి ఒక విచిత్రమైన మనిషి వస్తాడు. జార్జ్ స్మిత్, కోల్విల్ ఊరివాడు. 1831లో పుట్టాడు. చిన్నతనంలోనే ఇటుక బట్టీలో మట్టి మోశాడు. పెద్దయ్యాక అదే వ్యాపారంలో మేనేజరయ్యాడు. బట్టీల్లో చిన్నపిల్లల చేత పని చేయించడం మీద ధ్వజమెత్తి, 1871లో ఆ బట్టీల్ని ఫ్యాక్టరీ చట్టం కిందికి తెప్పించాడు. దాంతో ఉద్యోగం ఊడింది. ఊరుకున్నాడా? కాలవల మీద పడ్డాడు. 1875లో పడవ జనం మీద పుస్తకం రాశాడు. లక్షమంది దాకా పడవల్లో మగ్గుతున్నారని, చదువు లేదని, తాగుడని, నీతి లేదని దుమ్మెత్తిపోశాడు. లక్ష అన్న లెక్క చాలా ఎక్కువని తర్వాతి చరిత్రకారులు తేల్చారు. పడవ వాళ్ళకైతే ఆయన మాటలు బాగా గుచ్చుకున్నాయి. రంగులేసి, ఇత్తడి సామాను తళతళలాడేలా తోముకుని, లేసు అల్లికలు కట్టుకుని ఆ చిన్న గదిని దిద్దుకునే ఆడవాళ్ళని పట్టుకుని మురికి కొంపలంటే ఎవరికి మండదు?

మనిషి అతిగా మాట్లాడినా పని మాత్రం జరిగింది. 1877లో కాలవ పడవల చట్టం వచ్చింది. మనుషులుండే ప్రతి కాలవ పడవనీ ఒక స్థానిక సంస్థ దగ్గర రిజిస్టరు చేయించాలి. ఆ ఊరి పేరు, నంబరు పడవ మీద రాయించాలి. వెనక గది కనీసం 180 ఘనపుటడుగులుండాలి. పన్నెండేళ్ళు దాటిన మనిషికి 60, ఆ లోపు పిల్లలకి 40 ఘనపుటడుగుల చొప్పున లెక్కగట్టి ఎంతమంది ఉండొచ్చో సర్టిఫికెట్లో రాస్తారు. మీరే లెక్కేయండి. మొగుడూ పెళ్ళాం 120, ఒక పిల్ల 40, మొత్తం 160. రెండో పిల్ల పుడితే 200. కనీస కొలత గది అయితే చట్టం దాటినట్టే!

చెత్త గురించి కూడా రాశారు. కంపు కొట్టే సరుకు మోసే పడవలో సరుకుకీ గదికీ మధ్య రెండు గోడలుండాలి. వాటి మధ్య కనీసం నాలుగు అంగుళాల ఖాళీ, దానికి బయటిగాలి తగలాలి. పడవ అడుగున ఊరే మురికి నీళ్ళు తోడిపోయాలి. ఇక్కడ నాకు నచ్చిన విషయం చెప్తా. ఈ రూలు మురికి మోసేవాణ్ణి తిట్టలేదు. వాడికీ మురికికీ మధ్య నాలుగు అంగుళాల గాలి ఇవ్వమంది. నాలుగంటే నాలుగే అంగుళాలు. అయినా, నగరం శుభ్రం ఎవరి ముక్కు మీద నడుస్తోందో ఒక ప్రభుత్వం కాగితం మీద ఒప్పుకుందన్నమాట.

ఇంకా ముఖ్యమైనది అడ్రసు సంగతి. పడవ ఎక్కడ రిజిస్టరైతే, చదువు విషయంలో ఆ పిల్లలు ఆ ఊరి పిల్లలే అని చట్టం అంది. అంటే కదిలే ఇంటికి కదలని అడ్రసు ఇచ్చారు. పాయింటర్‌లాంటిది అనుకోండి. పడవ ఎక్కడున్నా, వీళ్ళ బాధ్యత ఎవరిదంటే చూపించడానికి ఒక చోటంటూ ఉంది.

ఆచరణలో అంత గొప్పగా నడవలేదు. స్థానిక సంస్థలు పట్టించుకోలేదు. 1884లో సవరణ తెచ్చి, ఏటా నివేదికలు పంపాలని, పై నుంచి ఒక తనిఖీదారు ఉండాలని పెట్టారు. గదులు బాగుపడ్డాయి, కిక్కిరింపు తగ్గింది. చదువు మాత్రం రాలేదు. సోమవారం ఒక ఊరి బడి, బుధవారం ఇంకో ఊరి బడి అయితే ఏం చదువు వస్తుంది? ఇరవయ్యో శతాబ్దంలో కూడా పడవ కుటుంబాల్లో చదవడం రాయడం రానివాళ్ళు ఎంతోమంది. పైగా తనిఖీదారు ఎప్పుడైనా గదిలోకి దూరి పక్కలు లెక్కపెట్టొచ్చు. ఒడ్డున బంగళాల్లో వాళ్ళింటికి అలా వెళ్తారా? కాబట్టి 1877 చట్టాన్ని నెత్తిన పెట్టుకోమని చెప్పడం లేదు. అది అడిగిన ప్రశ్న మాత్రం సరైనది. ఈ జనం కదులుతూనే ఉంటారు, మరి వీళ్ళకి మనం ఏం ఇవ్వాలి?

చిత్రమేమిటంటే, అవే రోజుల్లో మన కాటన్ దొర లండనులో కూర్చుని ఇండియాకి రైళ్ళకన్నా కాలవలే మేలని వాదిస్తున్నాడు. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి బయల్దేరిన కాలవలకి లాకులు కట్టించింది పడవలు కూడా నడవాలనే. ఇక్కడా అక్కడా చివరికి రైళ్ళు, లారీలే గెలిచాయి.

ఇంగ్లండులో కాలవలు 1948లో జాతీయం అయ్యాయి. 1962-63 చలికాలంలో వారాల తరబడి కాలవలు గడ్డకట్టుకుపోయి, మిగిలిన సరుకు పడవల వ్యాపారం చాలావరకు ఆగిపోయింది. అప్పుడే బ్రిటిష్ వాటర్‌వేస్ అనే సంస్థ కాలవల బాధ్యత తీసుకుంది. ఖాళీ పడవల్ని జనం షికార్లకి కొనుక్కున్నారు. ఆ తర్వాత ఇళ్ళ ధరలు పెరిగిన కొద్దీ మళ్ళీ పడవల్లో కాపురాలు మొదలయ్యాయి. ఈసారి సరుకు లేదు. నర్సులు, వడ్రంగులు, పెన్షనర్లు, మా డేటాబేస్ ఆయన లాంటివాళ్ళు.

1990ల మొదట్లో బ్రిటిష్ వాటర్‌వేస్ ఒక బిల్లు తెచ్చింది. ప్రతి పడవకీ కట్టుకునే సొంత చోటు ఉండాల్సిందే అని. సొంత చోటంటే డబ్బు, పైగా దొరకవు. పడవ జనం పార్లమెంటు కమిటీ ముందుకెళ్ళి వాదించారు. చివరికి 1995 చట్టంలో రాజీ కుదిరింది. భద్రతా సర్టిఫికెట్, బీమా ఉండాలి. సొంత చోటు ఉంటే సరే. లేకపోతే, పడవని లైసెన్సు కాలమంతా నిజాయితీగా ప్రయాణానికే వాడుతున్నట్టు సంస్థకి నమ్మకం కలగాలి. ఏ ఒక్క చోటా పద్నాలుగు రోజులకి మించి వరసగా ఉండకూడదు. తగిన కారణం ఉంటే ఇంకొంచెం ఉండొచ్చు.

మనలో రిక్వైర్‌మెంట్లు చదివేవాళ్ళకి ఈపాటికే నవ్వొచ్చి ఉంటుంది. "నిజాయితీగా ప్రయాణం" అంటే ఏంటి? ఎంత దూరం? చోటు అంటే ఎన్ని గజాలు? చట్టం చెప్పదు. ఇలాంటి స్పెక్ మన చేతికొస్తే టెస్టు కేసు కూడా రాయలేం. :) రాయాల్సింది కోర్టులు. బాత్ దగ్గర సుమారు పది మైళ్ళ ముక్కలో అటూ ఇటూ తిరుగుతున్న ఒకాయన కేసు బ్రిస్టల్ కోర్టుకెళ్ళింది. అలా ఒకే ప్రాంతంలో కాపురం ఉంటూ పడవని జరపడం నిజాయితీ ప్రయాణం కాదని 2011లో తీర్పొచ్చింది. 2012లో బ్రిటిష్ వాటర్‌వేస్ స్థానంలో ఇంగ్లండు, వేల్స్‌లలో కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ వచ్చింది. ఏడాదిలో 15, 20 మైళ్ళ పరిధి కూడా తిరగని పడవలు మమ్మల్ని నమ్మించడం కష్టమని ఆ ట్రస్టు చెప్పింది. 2015 నుంచి సరిగ్గా కదలనివాళ్ళకి ఏడాది లైసెన్సు బదులు ఆరునెలలదే ఇవ్వడం మొదలుపెట్టింది. లైసెన్సు పోతే పడవని కాలవ మీంచి తీసేస్తారు. మనకి లైసెన్సు పోవడం అంటే బండి ఇంట్లో పెట్టుకోవడం. వాళ్ళకి ఇల్లే పోతుంది.

ఇప్పుడు పిల్లలున్న కుటుంబం సంగతి ఆలోచించండి. 1877లో చట్టం, మీ పిల్లలకి ఒక ఊరు ఉంది, బడికి పంపండి అంది. 1995 చట్టం, మీకు ఊరు లేదన్నారు కాబట్టి లేనట్టే నడుచుకోండి అంటోంది. బడి దగ్గర ఉండాలంటే లైసెన్సుకి ముప్పు. లైసెన్సు నిలుపుకోవాలంటే బడికి దూరం. మొదటి చట్టం కదిలేవాళ్ళకి ఒక చోటు చూపించింది. రెండోది చోటు లేనివాళ్ళని కదలమంది. నూట పద్దెనిమిదేళ్ళలో ఇదీ మనం ముందుకేసిన అడుగు!

చెత్త దగ్గరా ఇదే తంతు. డబ్బా మరుగుదొడ్డి ఉన్నవాళ్ళకి ఎల్సాన్ దగ్గర్లో ఉండాలి. ట్యాంకు ఉన్నవాళ్ళు డబ్బులిచ్చి తోడించుకోవాలి. ఈ బాధ లేకుండా కొంతమంది మలమూత్రాలు వేరుచేసే పొడి మరుగుదొడ్లు పెట్టుకున్నారు. నీళ్ళక్కర్లేదు, రసాయనాలక్కర్లేదు. ఆరిన దాన్ని సంచిలో కట్టి ట్రస్టు చెత్తడబ్బాల్లో వేసేవాళ్ళు. చెత్త కంపెనీకి అది కుదరదని చెప్పి, 2021 చివరి నుంచి ట్రస్టు దాన్ని ఆపేసింది. కంపోస్టు పూర్తిగా తయారుచేసుకోండి అన్నారు. తయారవ్వాలంటే నెలలు పడుతుంది, ఏడడుగుల పడవలో ఎక్కడ పెట్టుకోవాలి? చెత్త ఎత్తేవాళ్ళ చేతుల్లోకి సంచిలో ఏముందో తెలియకుండా ఇవ్వడం కూడా తప్పే, ఆ కార్మికుల వైపూ న్యాయం ఉంది. కాకపోతే వద్దనడం ఒక్క నోటీసుతో అయిపోయింది. బదులుగా ఎక్కడ పొయ్యాలన్నది మాత్రం పడవ వాడి నెత్తిన పడింది.

ట్రస్టుకీ కష్టాలున్నాయి. రెండు వేల మైళ్ళ జలమార్గాలు, రెండు వందల ఏళ్ళ నాటి లాకులు, కట్టలు. 2023లో ప్రభుత్వం 2027 తర్వాతి పదేళ్ళకి 40 కోట్ల పౌండ్ల సాయం ప్రకటిస్తే, ధరల పెరుగుదలతో చూస్తే ఇది పెద్ద కోత అని ట్రస్టు వాపోయింది. సొంత చోటు లేని పడవలు కాలవని ఎక్కువ వాడుకుంటాయి కాబట్టి ఎక్కువ కట్టాలంది. 2024 ఏప్రిల్‌లో 5 శాతం అదనంతో మొదలుపెట్టి, ఏటా పెంచుతూ 2028కి 25 శాతం చేస్తామని ప్రకటించింది. పడవ జనం నిరసనలకి దిగారు. షికారుకొచ్చేవాళ్ళ ఫిర్యాదూ అబద్ధం కాదు. స్టేషను దగ్గర మంచి చోట్లన్నీ కాపురాల వాళ్ళే కట్టేసుకుంటే సెలవులకొచ్చినవాడు పడవ ఎక్కడ కట్టుకోవాలి?

నా అభిప్రాయం ఇది. డబ్బు అడగడం తప్పు కాదు. ఇచ్చేదేంటో చెప్పకుండా అడగడం తప్పు. లైసెన్సు అంటే రెండు వైపులా ఒప్పందం. 1877 వాళ్ళు పడవ వాళ్ళని చిన్నచూపు చూస్తూనే, వాళ్ళ మీద నిఘా పెడుతూనే, బదులుగా గాలి, చోటు, బడి అనే మూడు మాటలు కాగితం మీద పెట్టారు. ఇప్పటివాళ్ళు మర్యాదగా మాట్లాడతారు, వెబ్‌సైట్లు బాగుంటాయి. కానీ ఎన్ని మైళ్ళకో ఎల్సాన్, బడి పిల్లలుంటే ఎంత వెసులుబాటు అన్నవి ఫీజు కట్టేవాడి హక్కులుగా రాసివ్వరు. మన నగరాల్లో మురికివాడలకి నోటీసులిచ్చే ముందు అక్కడ మరుగుదొడ్డి ఎవరు కట్టాలని అడగనట్టే ఇదీనూ.

సాయంత్రం బయల్దేరేముందు ఆయనతో కలిసి గట్టు మీద నడిచా. పడవ పక్కన ఇనుప రాడ్డు దిగ్గొట్టి తాడు కట్టాడు. "ఇంకో పదకొండు రోజులు ఇదే మా ఊరు" అన్నాడు నవ్వుతూ.

ఇండియా వచ్చేశాక ఒక సంక్రాంతికి ఆయనకి పూతరేకులు పంపిద్దామని అడ్రసు అడిగా. మెయిల్లో జవాబిచ్చాడు. "పార్సిల్ వచ్చేసరికి నేను ఎక్కడుంటానో ఇప్పుడే చెప్పలేను. మా చెల్లెలి ఇంటికి పంపు. అయినా కొరియర్ వాడు దారి తప్పితే ఫర్వాలేదు, నాకు అలవాటే."

కొరియర్ వాడు దారి తప్పలేదు. పూతరేకులు మాత్రం పొడి పొడి అయ్యి చేరాయట. చెంచాతో తిన్నానని రాశాడు.